చెక్కను బట్టి బ్లేడు



ప్రసంగి గ్రంథము 10వ అధ్యాయము 10వ వచనములో పనిముట్ల గురించి ఒక మాట ఉన్నది. ఇనుము మొద్దుబారినప్పుడు, దాని అంచు నూరకపోతే, పనివాడు ఇంకా ఎక్కువ బలము పెట్టవలసి వస్తుందనీ, జ్ఞానము ఉంటే పని నెరవేరుతుందనీ దాని భావము. పొలము పని చేసే మన కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గడ్డి కోయడానికి మనము గొడ్డలి తీసుకొని పోము. కంది కట్టె నరకడానికి చాకు పట్టుకోము. పనిని చూసి పనిముట్టు తీస్తాము. ఆ పనిముట్టుకు పదును ఉన్నదో లేదో వేలితో చూస్తాము. ఇంట్లో అందరూ చేసేదే ఇది. అయితే మనుష్యుల విషయములో, సంఘములో పనులు అప్పగించే విషయములో ఈ జ్ఞానమును ఎందుకో మరచిపోతూ ఉంటాము.

ఈ నెల మేము ఒక చిన్న పనిముట్టు గురించి వ్రాయదలచాము. చెక్కలో పువ్వులు, తీగలు, అక్షరాలు కోసే సన్న రంపము ఒకటి ఉన్నది. దానిని స్క్రోల్ సా అంటారు. కుట్టు మిషను చూసిన వారికి ఇది తేలికగా అర్థమవుతుంది. కుట్టు మిషనులో సూది పైకీ కిందికీ ఆడుతుంటే మనము గుడ్డను చేతులతో తిప్పుతాము. ఇక్కడ సూదికి బదులు 5 అంగుళాల పొడవున్న సన్నని బ్లేడు ఆడుతుంది. గుడ్డకు బదులు చెక్కను తిప్పుతాము. కుట్టు మిషను వలెనే కాలితో తొక్కే రకాలు కూడా పూర్వము ఉండేవి. కరెంటు లేని చోట విల్లు వంటి చట్రానికి ఇటువంటి బ్లేడే బిగించి చేతితో కోస్తారు. పెద్ద రంపము వంపు తిరగలేదు. బ్లేడు ఎంత సన్నగా ఉంటే అంత చిన్న వంపు తిరుగుతుంది. గనుక ఈ పనిలో బ్లేడును ఎన్నుకోవడమే సగము పని.

దూలములో మిగిలిన ముక్క

మా పల్లె సంఘపు పాత మందిరానికి బెంగుళూరు పెంకుల కప్పు, టేకు దూలాలు ఉండేవి. స్లాబు వేయాలని సంఘము తీర్మానించినప్పుడు ఆ కప్పు దించారు. దూలాలను చాలా వరకు చెదలు తినివేశాయి. ఒక్క దూలములో మాత్రము నడిమి భాగము గట్టిగా మిగిలింది. దానితో బైబిలు ఉంచి చదివే పీఠము చేయించాలనీ, పీఠము ముందు భాగములో సిలువ, దాని చుట్టూ ద్రాక్షావల్లి కోయించాలనీ స్త్రీల మైత్రి వారు అడిగారు. ఆదివారపు బడి చూసుకునే మా దంపతులకు ఆ బాధ్యత అప్పగించారు.

సంఘములో అందరికంటె పెద్దదైన అవ్వ ఒకామె మా ఇంటికి వచ్చి ఆ దూలము మీద చేయి వేసి నిమిరింది. "బిడ్డా, మా బాపు వాళ్ళు ఎండకాలం గోదారి దాటి, అడివి దిక్కుకెల్లి ఎడ్ల బండ్ల మీద తెచ్చిండ్రు దీన్ని. నేను అప్పుడు బండెనుక నడిచిన. కట్టెల్ల పడెయ్యకుండ్రి" అన్నది. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చిన్న జిల్లాలుగా విడిపోయినా, అవ్వ వంటి వారికి గోదావరి ఇవతల ఇల్లు, అవతల ఆదిలాబాద్ టేకు అడవి, అంతే. ఆ మాట విన్న తరువాత ఆ ముక్క మాకు వట్టి చెక్కగా కనబడలేదు. చెడిపోతే మరొకటి తేగలిగినది కాదు.

ఎవరి చేతికి ఇవ్వాలి? పట్టణములో కంప్యూటరు మిషను మీద ఏ బొమ్మనైనా నిమిషాలలో కోసి ఇచ్చే దుకాణాలు ఇప్పుడు ఉన్నాయి. అయితే అదే నెలలో మా సంఘపు యౌవనస్థుడు ఒకడు దుబాయి నుండి తిరిగి వచ్చాడు. అక్కడ చెక్క పని దుకాణములో నాలుగేండ్లు చేశాడు. ఆ దుకాణము మూతపడింది, కడపటి జీతాలు అందలేదు, పోవడానికి చేసిన అప్పు అలాగే ఉన్నది. ఇటువంటి ఇండ్లు మన రెండు పాత జిల్లాలలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలుసు. అతడు ఆరాధనకు వచ్చి వెనుక గోడ పక్కన కూర్చొని, ఆశీర్వాదము కాకముందే లేచి వెళ్ళిపోయేవాడు. ఎవరైనా పలకరిస్తే ముందుగా వచ్చే ప్రశ్న, ఎంత సంపాదించావని.

ఈ పని అతనికి ఇద్దామని మేము అన్నప్పుడు సంఘ పెద్ద ఒకరు ఒప్పుకోలేదు. "ఉత్త చేతులతోని వచ్చిండు. మనసు నిలకడ లేదు. ఉన్నది ఒక్కటే ముక్క. ఆని చేతుల పెడితె ఎట్ల?" అన్నారు. ఆయన కోపముతో అనలేదు, భయముతో అన్నారు. ఆ భయము మాకూ లేకపోలేదు. అయ్యగారు కొంతసేపు ఆలోచించి, "ముందుగా వేరే ముక్క మీద కోసి చూపించనివ్వండి" అన్నారు. ఆ మాటకు అందరూ సమ్మతించారు.

పళ్ళ లెక్క

ఆ తమ్ముడు మొదటి రోజు మిషను సంగతి ఎత్తనే లేదు. "అన్నా, మిషన్ ఏదైనా నడుస్తది. మొదలు చెక్క ఎంత మందమో చూద్దాం, అటెన్క బ్లేడు" అన్నాడు. అతని వద్ద మేము నేర్చుకున్నది చదువరులకు, విశేషముగా చెక్క పని నేర్చుకొనే పిల్లలున్న ఇండ్లకు, ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటి సూత్రము ఇది. కోసేటప్పుడు కనీసము మూడు పళ్ళు ఎల్లప్పుడూ చెక్కలో ఉండాలి. బ్లేడుకు అంగుళానికి ఎన్ని పళ్ళో లెక్క ఉంటుంది. అంగుళానికి 12 పళ్ళున్న బ్లేడు అనుకుందాము. రెండు సూతుల ప్లైవుడ్డు, అనగా పావు అంగుళము మందమైతే, సరిగ్గా 3 పళ్ళు చెక్కలో ఉంటాయి. అంతకంటె పలుచని చెక్కకు ఆ బ్లేడు పనికిరాదు. పళ్ళు అంచును పట్టుకొని లాగి పెచ్చులు లేపుతాయి. అప్పుడు ఇంకా సన్న పళ్ళది తీసుకోవాలి. అయితే పళ్ళు ఎక్కువైతే మంచిదేనా? కాదు. మందపు చెక్కలో పళ్ళు ఒత్తుగా ఉంటే పొట్టు బయటికి పోయే దారి ఉండదు. పొట్టు లోపలే నలిగి, వేడెక్కి, చెక్క నల్లగా మాడుతుంది.

బ్లేడులకు నంబర్లు ఉంటాయి. చిన్న నంబరుది సన్నము, పెద్ద నంబరుది వెడల్పు. చాలా సన్నని వంపులకు, పలుచని చెక్కకు 1వ నంబరు, ఇంకా సన్నవి. అర అంగుళము వరకు చిన్న వంపులకు 3వ నంబరు. ముప్పావు అంగుళము చెక్కలో మామూలు పనికి 5వ నంబరు. అంతకంటె మందమైన గట్టి చెక్కకు 7, 9 నంబర్లు. ఇది అందాజు లెక్క. ఒక్కో కంపెనీ పళ్ళ లెక్క కొంచెము వేరుగా ఉంటుంది గనుక డబ్బా మీద చూసుకొని తీసుకోవాలి. ఇవి డజను లెక్కన అమ్ముతారు. విరగడము, మొద్దుబారడము ఈ పనిలో సహజము.

రెండవది, కొసలు. కొన్ని బ్లేడులకు రెండు కొసలలో అడ్డముగా చిన్న పిన్ను ఉంటుంది, బిగించడము తేలిక. అయితే చెక్క నడుమ కోయాలంటే ముందుగా రంధ్రము వేసి, బ్లేడును ఆ రంధ్రములో నుండి దూర్చాలి. పిన్ను ఉంటే రంధ్రము పెద్దది కావాలి. ద్రాక్ష తీగల నడుమ పెద్ద రంధ్రము వేస్తే బొమ్మ చెడుతుంది. గనుక అటువంటి పనికి పిన్ను లేని వట్టి కొసల బ్లేడే తగినది.

పళ్ళ అమరిక

ఒక పన్ను విడిచి ఒక పన్ను ఉండేది ఒక రకము. నడుమ ఖాళీ ఉండుట చేత పొట్టు పోతుంది, బ్లేడు చల్లగా ఉంటుంది. కొత్తగా నేర్చుకొనే వారికి ఇదే మంచిది. రెండు పళ్ళు వరుసగా ఉండి ఒక ఖాళీ ఉండేది మరొక రకము. అది నునుపుగా కోస్తుంది కాని నెమ్మదిగా కోస్తుంది. మూడవ రకములో కింది కొసన కొద్ది పళ్ళు మాత్రము పైకి చూస్తూ ఉంటాయి. మిగతా పళ్ళు కిందికి లాగుతూ కోస్తే చెక్క అడుగున పెచ్చు లేస్తుంది కదా, ఈ కింది పళ్ళు పైకి వచ్చేటప్పుడు ఆ పెచ్చును శుభ్రము చేస్తాయి. ప్లైవుడ్డుకు ఇది చాలా ఉపయోగము. నాలుగవది మెలిపెట్టిన బ్లేడు. దానికి నలువైపులా పళ్ళే. చెక్కను తిప్పనక్కరలేకుండ ఎటు జరిపితే అటు కోస్తుంది. చూడడానికి ఎంతో సులభము. అయితే కోత వెడల్పుగా, అంచు గరుకుగా వస్తుంది.

ఏ రకమైనా మిషనులో పళ్ళు కిందికి, బల్ల వైపుకు చూడాలి. చేతి చట్రములో పిడి వైపుకు చూడాలి. తరువాత బిగువు. బిగించిన బ్లేడును వేలితో మీటితే తంబుర తీగ వలె స్వరము పలకాలి. వదులుగా ఉన్నది వంకర పోతుంది, త్వరగా విరుగుతుంది.

మేము ఎన్నడూ వినని సంగతి ఒకటి అతడు చెప్పాడు. అచ్చుతో కత్తిరించి చేసే బ్లేడులకు ఒక పక్క అంచు రవ్వంత గరుకుగా మిగులుతుంది. అందుచేత బ్లేడు తిన్నగా తోసినా కొంచెము పక్కకు పోతుంది. "కొత్తోళ్ళు దాన్ని గుంజి గుంజి విరగ్గొడతరు. అది ఎటు పోతదో ముందు తెలుసుకొని, చెక్కను అంత మందం తిప్పి పట్టాలె వదినా" అన్నాడు. లోపము తెలిసిన తరువాత దానితో పోట్లాడకుండ పని తీసుకోవడము ఎంత గొప్ప ఓర్పు!

చెక్క స్వభావము

బ్లేడును ఎన్నుకొనే వాడు చెక్కను ఎరిగి ఉండాలి. గోదావరి అవతల నిర్మల్ బొమ్మలు చేసేది పొనికి కర్రతో. అది తేలిక, మెత్తన. ఉలి, కత్తి దానిలో సాఫీగా దిగుతాయి. దాని మీద చింతగింజల జిగురు, సుద్ద పూసి రంగులు వేస్తారు. పొనికిలో ఏ బ్లేడైనా పరుగెత్తుతుంది. వేగము ఎక్కువై గీత దాటిపోకుండ చూసుకోవడమే అక్కడ జాగ్రత్త. టేకు అట్లా కాదు. దానిలో నూనె ఉన్నది, చెదలను, నీటిని ఓర్చుకుంటుంది. దానితోపాటు ఇసుకలో ఉండే సిలికా కూడా టేకులో ఉన్నది. అది పళ్ళను అరగదీస్తుంది. టేకులో కోస్తే బ్లేడు గంటలోపే మొద్దుబారవచ్చు. మొద్దుబారిన బ్లేడుతో బలవంతముగా తోస్తే మాడుతుంది, వంకర పోతుంది. ప్రసంగి చెప్పిన సంగతి ఇక్కడ కండ్లకు కనబడింది. బలము పెట్టవలసి వస్తున్నదంటే బ్లేడు మార్చవలసిన సమయము వచ్చిందన్న మాట.

పాత దూలములో మరొక అపాయము ఉన్నది, విరిగి లోపల మిగిలిన మేకులు. రంపపు మిల్లుకు తీసుకుపోకముందే అయస్కాంతముతో దూలమంతా తడిమి రెండు మేకు ముక్కలు తీశాడు. మిల్లులో నాలుగు సూతుల మందముగా, అనగా అర అంగుళముగా కోయించాడు. మందము తగ్గితే చిన్న వంపులు తేలిక, పళ్ళకు భారము తక్కువ. రెండు పలకలు జోడించగా అడుగు చదరము పలక ఒకటి వచ్చింది. మిగిలిన ముక్కలు పీఠపు చట్రానికి, పరీక్షకు ఉంచాము.

పరీక్ష

కరీంనగర్‌లో నేమ్ బోర్డులు చేసే పరిచయస్థుని దుకాణములో వాడకుండ మూల ఉన్న మిషను అడిగి తెచ్చుకున్నాము. అయ్యగారు, ఒప్పుకోని ఆ పెద్దాయన, అవ్వ, పిల్లలు అందరూ చూస్తుండగా, అదే దూలము ముక్క మీద అదే మందములో మూడు బ్లేడులతో ఒకే ద్రాక్షాకు కోశాడు.

మొదటిది కంసాలులు వెండి, బంగారు రేకులు కోసే బ్లేడు. కరీంనగర్ వెండి తీగ పనికి ఎంత పేరున్నదో మనకు తెలుసు, 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని తీగలను మెలిపెట్టి చేసేది. అయితే కంసాలి వద్ద రేకు కోసే సన్న బ్లేడులు కూడా ఉంటాయి. వెంట్రుక వలె సన్నగా ఉన్నది గనుక అదే మంచిదని మా పిల్లలు అన్నారు. లోహానికి చేసిన ఆ ఒత్తు పళ్ళలో టేకు పొట్టు నిండిపోయి, రెండు అంగుళాలు పోకముందే పొగ వాసన వచ్చింది. రెండవది మెలిపెట్టినది. ఆకు త్వరగా వచ్చింది కాని అంచు కొరికినట్టు ఉన్నది. మూడవది 3వ నంబరు, ఒక పన్ను విడిచి ఒక పన్ను, కింద తిరుగు పళ్ళు ఉన్నది. నెమ్మదిగా వెళ్ళింది. తీసి చూస్తే పైన, అడుగున అంచు గీసినట్టు ఉన్నది.

పెద్దాయన ఆ మూడు ఆకులను చేతిలో వేసుకొని తిప్పి తిప్పి చూశారు. "గిది మంచిగొచ్చింది" అని మూడవది జేబులో వేసుకున్నారు. ఇంకేమీ అనలేదు. పలక మరునాడు మిషను ఎక్కింది.

పని తొమ్మిది సాయంకాలాలు పట్టింది. బొమ్మ కాగితము అంటించి, పైన ప్యాకింగు టేపు వేశాడు. ఆ టేపు ఉంటే చెక్క తక్కువ మాడుతుందట. లోపలి ఖాళీలు ముందుగా, బయటి అంచు కడపట కోశాడు. చుట్టూ చెక్క గట్టిగా ఉన్నంతవరకు సన్న తీగలు విరగవు. టేకు పొట్టు గొంతులోకి పోకుండ ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. మేము ద్రాక్ష తీగల మెలికలే కష్టమనుకున్నాము. కాని అతనికి భయము పుట్టించినది సిలువ. వంపులో వెంట్రుకవాసి తప్పినా కన్ను పట్టదు. తిన్నని గీతలో రవ్వంత తప్పినా దూరము నుండి కనబడుతుంది. సన్న బ్లేడు తిన్నగా పోవడానికి ఇష్టపడదు. గనుక సిలువ అంచులకు బ్లేడు మార్చి, వెడల్పైన 5వ నంబరు వేశాడు. అది వంపులకు పనికిరాదు, కాని దారి తప్పదు. మొత్తము పదకొండు బ్లేడులు అయిపోయాయి. పలక మాత్రము చెక్కుచెదరలేదు.

ఏ పనివానికి ఏ పని

నిర్గమకాండము 31వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, ఆత్మతో నింపి, చెక్క పనిలో కూడా నేర్పు ఇచ్చాడని చదువుతాము. అతనికి తోడుగా అహోలీయాబును ఇచ్చాడు. మోషే గొప్ప నాయకుడు, కాని ఆ పలకలు కోసే పని మోషేకు ఇవ్వలేదు. మన ప్రభువును నజరేతు వారు వడ్లవాడనే పిలిచారు (మార్కు 6:3). రెండవ శతాబ్దములో జీవించిన జస్టిన్ మార్టిర్ అనే హతసాక్షి, యేసు నాగళ్ళు, కాడులు చేసేవాడని వ్రాశాడు. ఎద్దు మెడకు ఒరుసుకోని కాడి చేయాలంటే ఆ ఎద్దును ఎరిగి ఉండాలి. మన మెడకు ఏ కాడి సరిపోతుందో ఎరిగిన ప్రభువు ఆయన.

సంఘములో మనము తరచుగా అందరికీ ఒకే బ్లేడు వాడుతాము. డబ్బున్న వానికి, గట్టిగా మాట్లాడే వానికి అన్ని పనులు అప్పగిస్తాము. సన్నని మనసు గలవానిని మందపు చెక్కలో పెట్టి, విరిగితే వానిదే తప్పంటాము. సిలువ అంచు వంటి తిన్నని పనికి నిలకడ గలవారు కావాలి, ద్రాక్ష తీగ వంటి పనికి వంగగలవారు కావాలి. ఇద్దరూ ఒకే పీఠము మీదనే కనబడతారు. అయితే రంపము తన్ను పట్టుకొని ఆడించే వాని మీద అతిశయపడరాదని యెషయా 10:15 హెచ్చరిస్తున్నది. పని చేసింది బ్లేడైనా చేయి ప్రభువుది.

ఆ తమ్ముని అప్పు ఇంకా తీరలేదు. ఆ మాట దాచి, అంతా మేలైపోయిందని వ్రాయడము నిజము కాదు. మళ్ళీ దుబాయికి పోవాలా అన్న ఆలోచన కూడా అతనికి ఉన్నది. అయితే ఇప్పుడు ఆశీర్వాదము వరకు కూర్చుంటాడు. ఇండ్లకు గాలి కిటికీల పలకలు, పేరు పలకలు కోయమని ఊరిలో కొందరు అడుగుతున్నారు. అడిగిన వారిలో మొదటి వారు ఆ పెద్దాయనే. ఆదివారపు బడి పిల్లలకు పాలస్తీనా పటము ప్లైవుడ్డు మీద అంటించి ముక్కలుగా కోసి ఇచ్చాడు. 1760 ప్రాంతములో లండనులో జాన్ స్పిల్స్‌బరీ అనే పటముల పనివాడు పిల్లలకు భూగోళము నేర్పడానికి ఇటువంటి చెక్క ముక్కల పటములే చేశాడు. మా పిల్లలు గలిలయ ముక్కను యూదయ పక్కన పెట్టబోయి, కుదరక, సమరయ ముక్క వెదుకుతుంటే చూడడము మాకు ఎంతో సంతోషము.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలోనో, మీ సంఘములోనో గోడ పక్కన కూర్చొని ముందుగా లేచిపోయే వారు ఎవరైనా ఉన్నారా? ఎంత సంపాదించావని అడగకముందు, నీ చేతికి ఏ పని వచ్చునని అడగండి. అవసరమైతే ముందుగా ఒక చిన్న ముక్క మీద చేయనివ్వండి. మొద్దుబారిన చోట బలము పెట్టక, జ్ఞానము అడుగుదము. ఆ జ్ఞానమును ధారాళముగా ఇచ్చే దేవుడు మన కుటుంబాలను, మన చేతి పనులను స్థిరపరచును గాక. ఆమేన్.